టిప్పు సుల్తాన్ తుపాకీ: కుందా కొలతలు చెప్పే కథ

టిప్పు సుల్తాన్ పేరు వినగానే ఎవరికైనా ముందు ఖడ్గం గుర్తొస్తుంది. తర్వాత పులి, ఆ తర్వాత రాకెట్లు. పాఠ్యపుస్తకాల్లో, సినిమాల్లో, గోడల మీది బొమ్మల్లో ఆయన్ని ఇలాగే చూపిస్తారు. కానీ 1799 మే 4న శ్రీరంగపట్నం కోట గోడ మీద నిలబడి ఆయన శత్రువును ఎదుర్కొన్నది తుపాకీతో. వేటలోనూ ఆయనకు తుపాకీ అంటే మక్కువ. ఆయన సొంతానికి తయారైన తుపాకులు కొన్ని ఈనాటికీ ఉన్నాయి.

వాటి మీది వెండి నగిషీ, పులి తలల గురించి చాలామంది రాశారు. ఆ తుపాకులను మోసే కొయ్య గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఇనుప గొట్టాన్ని, నిప్పు పుట్టించే లాక్‌ని పట్టి ఉంచే ఆ కొయ్య భాగాన్ని ఉర్దూలో కుందా అంటారు. తుపాకీ మనిషిని తాకేది అక్కడే. భుజానికి, చెంపకు, చేతికి ఆనేది ఇనుము కాదు, కుందానే. అందుకే అది ఎవరి కోసం తయారైందో వాళ్ల ఒంటి కొలతతో ఉండాలి. టిప్పు జీవితాన్ని ఈ వైపు నుంచి చూస్తే యుద్ధవీరుడితో పాటు కార్‌ఖానాలు కట్టిన మనిషి కూడా కనిపిస్తాడు.

దేవనహళ్లి నుంచి చిత్తూరు దాకా

టిప్పు 1750లో బెంగళూరుకు దగ్గర్లోని దేవనహళ్లిలో పుట్టారు. తండ్రి హైదర్ అలీ. తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా, కడప కోటకు అధికారిగా పనిచేసిన మీర్ ముయీనుద్దీన్ కూతురు. అంటే టిప్పుకు అమ్మమ్మ గారి వైపు చుట్టరికం రాయలసీమతోనే. ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా దర్గా పేరు మీద పిల్లవాడికి ఆ పేరు పెట్టారు.

హైదర్ అలీకి చదువు రాదు. కొడుక్కి మాత్రం ఖురాన్, ఫార్సీ, లెక్కలతో పాటు గుర్రపు స్వారీ, కత్తి, తుపాకీ అన్నీ నేర్పించారు. హైదర్‌కి ఆయుధాల తయారీ మీద మొదటి నుంచీ ఆసక్తి ఉంది. 1755లో దిండిగల్ ఫౌజ్‌దార్‌గా ఉన్నప్పుడే ఫ్రెంచ్ నిపుణుల సాయంతో అక్కడ ఆయుధ కార్‌ఖానా పెట్టారు. టిప్పు అలాంటి ఇంట్లో పెరిగారు. ఇతర రాజకుమారులకు తుపాకీ కొనుక్కొచ్చే వస్తువు. ఈ పిల్లవాడికి అది ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు కూర్చుని చేసే వస్తువు.

1767లో, 17 ఏళ్ల వయసులో, టిప్పు గుర్రపు దళంతో మద్రాసు పొలిమేరల దాకా వెళ్లొచ్చారు. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ సైన్యాన్ని మైసూరు దళాలు తుడిచిపెట్టాయి. అందులో టిప్పుది పెద్ద పాత్ర. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో హైదర్ అలీ కన్నుమూశారు. యుద్ధం నడుమే టిప్పు రాజ్యాన్ని అందుకున్నారు. 1784 మార్చిలో మంగళూరు సంధితో ఆ యుద్ధం ముగిసింది.

తాడు తుపాకీ, చెకుముకి తుపాకీ

ఆ రోజుల్లో హిందుస్తాన్ సిపాయిల చేతిలో ఎక్కువగా ఉన్నది తోడాదార్ బందూఖ్, అంటే తాడు తుపాకీ. నెమ్మదిగా కాలే తాడును మీట నొక్కితే అది వంగి మందుకు అంటుకుంటుంది. వాన వస్తే తాడు ఆరిపోతుంది. రాత్రి వేళ తాడు కొస మెరుస్తూ శత్రువుకు ఆచూకీ చెప్పేస్తుంది. పక్కవాడి మందు సంచికి నిప్పు తగిలే ప్రమాదం కూడా ఉంటుంది.

చెకుముకి తుపాకీ ఇలా ఉండదు. సుత్తిలాంటి కొక్కెం దవడల్లో చెకుముకి రాయి బిగించి ఉంటుంది. మీట నొక్కగానే ఆ రాయి ముందున్న ఉక్కు పలకను రాసుకుంటూ దిగుతుంది. పలక వెనక్కి లేచి దాని కింద ఉన్న చిన్న గిన్నె తెరుచుకుంటుంది. రాలిన నిప్పురవ్వలు గిన్నెలోని సన్నటి మందును అంటిస్తాయి. ఆ మంట గొట్టం పక్కనున్న చిన్న రంధ్రం గుండా లోపలికి పాకి అసలు మందును పేలుస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో మారిన్ లె బూర్జ్వా అనే కారీగర్ చేతిలో ఈ పద్ధతి కుదురుకుంది. తర్వాత 200 ఏళ్లకు పైగా ప్రపంచమంతా దీన్నే వాడింది.

తాడు తుపాకీ నుంచి చెకుముకి తుపాకీకి మారడమంటే లాక్ ఒక్కటి మార్చితే సరిపోదు, కుందా కూడా మారాలి. హిందుస్తానీ తోడాదార్ కుందా సన్నగా, దాదాపు నిటారుగా ఉండేది. యూరప్ తరహా కుందా వెనక్కి పోయేకొద్దీ కిందికి వంగి, చివర వెడల్పయి భుజంలో కూర్చుంటుంది. లాక్ పెద్దది కాబట్టి దాన్ని కూర్చోబెట్టేంత మందం కొయ్యలో ఉండాలి. తరతరాలుగా ఒక రకం కొయ్యపని చేసిన వడ్రంగి కొత్త కొలతలు నేర్చుకోవాల్సి వచ్చింది.

తారామండల్ పేటలు

టిప్పు ఈ పనిని రాజ్యం మొత్తం మీద చేయించారు. శ్రీరంగపట్నం, బెంగళూరు, చిత్రదుర్గం, బిదనూరుల్లో తారామండల్ పేట పేరుతో కార్‌ఖానాలు నడిచాయి. తుపాకులు, ఫిరంగులు, కత్తులతో పాటు ఇంకెన్నో వస్తువులు అక్కడ తయారయ్యేవి. మైసూరు పరిసరాల్లో ఇనుము, ఉక్కు కరిగించే పని అప్పటికే బాగా సాగుతోంది. చన్నపట్నం ఉక్కు తీగలకు దేశమంతా పేరుండేది. ముడిసరుకు, పనివాళ్లు ఇక్కడే ఉన్నారు. కావాల్సిందల్లా రెండింటినీ ఒకచోట కూర్చే ఏర్పాటు.

సుల్తాన్ రాసిన ఉత్తరాలు వందల సంఖ్యలో దొరికాయి. ఆయన చనిపోయాక వాటిలో కొన్నిటిని కర్క్‌పాట్రిక్ ఇంగ్లీషులోకి మార్చి 1811లో అచ్చు వేయించారు. పట్టుపురుగుల పెంపకం దగ్గర్నుంచి వ్యాపార కోఠీల లెక్కల దాకా ప్రతి చిన్న పనిలో ఆయన వేలు పెట్టేవారని వాటిని చదివితే తెలుస్తుంది. తూకాలు, కొలతలు కూడా మార్చారు. కలిమాలో 24 అక్షరాలు ఉన్నాయి కాబట్టి పొడవు కొలతను 24 బొటనవేళ్ల వెడల్పుల లెక్కన నిర్ణయించారని ఆ కాలపు బ్రిటిష్ చరిత్రకారుడు మార్క్ విల్క్స్ రాశారు. విల్క్స్‌కి అదొక వింతగా తోచింది. రాజ్యమంతా ఒకే కొలత ఉండాలనే ఆలోచన దాని వెనక ఉందని మాత్రం మర్చిపోకూడదు. కొలత ఒకటి కాకపోతే నాలుగు ఊళ్లలోని కార్‌ఖానాలు ఒకే రకం తుపాకీ చేయలేవు కదా.

ఇదే కాలంలో హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ఫ్రెంచ్ అధికారి రేమండ్ ఫిరంగుల కార్‌ఖానా నడిపాడు. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు దానివల్లే వచ్చింది. మూసారాంబాగ్ పేరు కూడా ఆయన్ని బట్టి వచ్చిందే. అయితే హైదరాబాద్‌లో ఆ పని ఒక విదేశీ సేనాని చేతిలో నడిచింది. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు, అదే ఏడాది అక్టోబరుకల్లా ఆయన దళాన్ని ఇంగ్లీషు వాళ్లు నిరాయుధం చేశారు. మైసూరులో మాత్రం పని మొత్తం సుల్తాన్ సొంత ఏర్పాటు.

కుందా కొలత ఎలా వేస్తారు?

చెకుముకి తుపాకీ కట్టడంలో ఎక్కువ తెలివి కావాల్సింది కొయ్య ముట్టుకోక ముందే. ఉస్తాద్ ముందుగా అసలు సైజులో బొమ్మ గీసుకుంటాడు. ఆ బొమ్మలో ప్రతి కొలత ముందుదాని మీద ఆధారపడి ఉంటుంది. ఖాతా పుస్తకంలో మొదటి అంకె తప్పు పడితే చివరి మొత్తం ఎలా కుదరదో ఇదీ అంతే.

మొదట వచ్చేది గొట్టం. మందు పేలే వెనక భాగం ఎక్కడ ముగుస్తుందో గీయాలి. దాని పక్కన నిప్పు రంధ్రం స్థానం గుర్తు పెట్టాలి. లాక్ మీది గిన్నె సరిగ్గా ఆ రంధ్రం ఎదుటే రావాలి. అంటే లాక్ ఎక్కడ ఉండాలో రంధ్రమే చెబుతుంది. లాక్ లోపలి మీటకొన ఎక్కడ ఉంటే ట్రిగ్గర్ అక్కడ వస్తుంది. ట్రిగ్గర్ నుంచి కుందా చివరి మధ్య దాకా ఉండేదే తుపాకీ పొడవు కొలత. కాబట్టి కొయ్య వెనక ఎక్కడ కోయాలో తేలేది చిట్టచివర. ఆ తొందరలో ముందే కోసేసిన కొయ్య ఇక పొయ్యిలోకే.

గొట్టం కింద మందు కూరే కడ్డీ కోసం పొడవాటి రంధ్రం వేస్తారు. గొట్టానికి, కడ్డీకి మధ్య మిగిలే కొయ్య దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటుంది. లాక్‌ని బిగించే ముందు మేకు ఆ సన్నటి సందులోంచే అడ్డంగా దూరిపోవాలి. పైన గొట్టానికి తగలకూడదు, కింద కడ్డీకి తగలకూడదు. ఎక్కువ సందు వదిలితే తుపాకీ ముందు భాగం లావుగా, బరువుగా తయారవుతుంది. తక్కువ వదిలితే మేకుకు దారే ఉండదు. కాగితం మీద చూసుకోని వాడికి ఈ సంగతి బరమా దింపాక తెలుస్తుంది.

ఆ తర్వాత మనిషి కొలతలు. మోచేయి మడిచి, ఆ మడతలో కుందా చివర ఆనిస్తే, చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి సుఖంగా రావాలి. పెద్దవాళ్లకు ఇది మామూలుగా 13 నుంచి 14 అంగుళాల మధ్య ఉంటుంది. మందపాటి అంగీ వేసుకుని కాల్చేవాడికి కాస్త తగ్గించాలి. పొడవు ఎక్కువైతే తుపాకీ ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది. తక్కువైతే అదురుకు బొటనవేలు ముక్కుకు కొట్టుకుంటుంది.

రెండోది వాలు. గొట్టం పైగీత నుంచి కుందా ఎంత కిందికి దిగిందన్నది రెండుచోట్ల చూస్తారు. ఒకటి చెంప ఆనేచోట, రెండోది భుజం ఆనేచోట. మెడ పొడవుగా ఉండి భుజాలు జారి ఉన్నవాడికి వాలు ఎక్కువ కావాలి. మెడ పొట్టిగా, భుజాలు ఎత్తుగా ఉన్నవాడికి తక్కువ చాలు. వాలు మరీ ఎక్కువైతే పేలినప్పుడు తుపాకీ మూతి పైకి లేచి, కొయ్య చెంపను గుద్దుతుంది. వాలు తక్కువైతే దెబ్బ సూటిగా భుజంలోకి దిగుతుంది, గురి చెదరదు.

మూడోది పక్కవాటం. కుడిచేత్తో కాల్చేవాడి కుందాను కొద్దిగా కుడిపక్కకు వంచుతారు. పావు అంగుళం చాలు. అప్పుడు తల పక్కకు వాల్చకుండానే కన్ను గొట్టం మీదుగా చూస్తుంది. ముఖం, ఛాతీ వెడల్పుగా ఉన్నవాడికి ఇది కాస్త ఎక్కువ కావాలి.

నాలుగోది కొయ్య పోగు. లాక్ వెనక చెయ్యి పట్టుకునే సన్నటి భాగం తుపాకీ మొత్తంలో బలహీనమైన చోటు. కొయ్య పోగు ఆ వంపు వెంటే పారాలి. అడ్డంగా పారితే ఎంత మంచి కొయ్యయినా గుర్రం మీంచి జారి పడ్డప్పుడు అక్కడే రెండు ముక్కలవుతుంది. అందుకే బాగా ఆరిన చెక్కను ఎంచుకుని, బొమ్మను దాని మీద అటూ ఇటూ తిప్పి చూసి, పోగు కుదిరిన చోటే గీత గీస్తారు.

గొట్టం లోపల మెలి గాడులు ఉన్న రైఫిల్‌కైనా, నున్నటి గొట్టం ఉన్న తుపాకీకైనా ఈ లెక్కలు ఒక్కటే. చెకుముకి తుపాకీకి ఇవి మరీ ముఖ్యం. గిన్నెలో మంట లేచిన తర్వాత గుండు బయటికి రావడానికి రెప్పపాటు ఆలస్యం అవుతుంది. కంటి ముందే మంట లేస్తుంటే ఆ రెప్పపాటు గురి కదలకూడదు. ఒంటికి అతికినట్టు కూర్చున్న కుందా ఉంటేనే అది సాధ్యం.

సుల్తాన్ ఒంటికి కుదిరిన కొయ్య

టిప్పు ఎలా ఉండేవారో ఆయన్ని చూసిన బ్రిటిష్ అధికారులు రాసి పెట్టారు. కాస్త లావు మనిషి. మెడ పొట్టిగా, మందంగా ఉండేది. భుజాలు ఎత్తుగా, చదరంగా ఉండేవి. ఆ శరీరానికి పొంతన లేనంత చిన్నగా చేతులు, పాదాలు ఉండేవి.

రాసినవాళ్లు దీన్ని ముఖవర్ణనగా రాశారు. వడ్రంగి చదివితే ఇది కొలతల చీటీ. పొట్టి మెడ, ఎత్తు భుజాలు కాబట్టి వాలు తగ్గించాలి. ఒళ్లు వెడల్పు కాబట్టి పక్కవాటం పెంచాలి. చేతులు చిన్నవి కాబట్టి పట్టుకునేచోటు సన్నగా చెక్కాలి, ట్రిగ్గర్ వేలికి దగ్గరగా రావాలి. రాజుగారి ఒంటి మీద అంగీ కుట్టే దర్జీ ఎంత దగ్గరగా చూస్తాడో కుందా చెక్కే ఉస్తాద్ కూడా అంత దగ్గరగానే చూడాలి.

సుల్తాన్ సొంత తుపాకుల మీద పులి లేని చోటు లేదు. పులిచారల అలంకారం, పులి తల ముద్ర, లాక్ పలక మీద తెల్ల సిపాయిని పట్టిన పులి. కొన్ని గొట్టాల మీద తండ్రి హైదర్ పేరు ముద్ర ఉంటుంది. పిస్తోళ్లను జతలుగా చేసేవారు. జతలో ఒకదానికి లాక్ కుడివైపు, రెండోదానికి ఎడమవైపు. ఎడమ లాక్ అంటే కొలతలన్నీ అద్దంలో బొమ్మలా తిరగేసి మళ్లీ మొదటి నుంచి గీసుకోవాలి.

తయారైన ఏడాదిని ఆయన మౌలూదీ లెక్కలో వేయించారు. హిజ్రీ లెక్క దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా విడిచి మదీనాకు వెళ్లిన ఏటి నుంచి మొదలవుతుంది. టిప్పు తెచ్చిన మౌలూదీ లెక్క ఆయన పుట్టుక నుంచి మొదలవుతుంది. అంకెలను కూడా కుడి నుంచి ఎడమకు రాయించారు. అందుకే ఈ తుపాకుల తేదీలు చదవబోయి చాలామంది తికమకపడ్డారు.

అయితే ఒంటికి కుదిరిన కుందా రాజుకే. సిపాయికి ఆ భాగ్యం లేదు. వేల మందికి తుపాకీ చేయాలంటే ఒక సగటు మనిషి కొలత ఎంచుకుని అందరికీ అదే వేయాలి. ఈస్టిండియా కంపెనీ కూడా తన సిపాయిలకు 39 అంగుళాల గొట్టంతో ఒకే నమూనా తుపాకీ ఇచ్చింది. ఆ నమూనా చవకగా, త్వరగా తయారవుతోందని చూసి 1797లో బ్రిటిష్ సైన్యమే దాన్ని తీసుకుంది. అటు కంపెనీ, ఇటు టిప్పు ఒకే లెక్క వేస్తున్నారు: ఎన్ని తుపాకులు, ఎంత ఖర్చుకు, ఎంత త్వరగా. మైసూరులో అది గ్రహించి సొంత కార్‌ఖానాల్లో చేయించిన పాలకుడు ఆయన. అసలు పోటీ అక్కడే మొదలైంది.

ఫ్రాన్స్‌కు వెళ్లిన ముగ్గురు

సొంత పనివాళ్లు ఉన్నా బయటి పనితనం నేర్చుకోవడానికి టిప్పు సిగ్గుపడలేదు. 1787లో ముహమ్మద్ దర్వేష్ ఖాన్, అక్బర్ అలీ ఖాన్, ముహమ్మద్ ఉస్మాన్ ఖాన్‌లను పాండిచ్చేరి నుంచి ఓడలో ఫ్రాన్స్‌కు పంపారు. వాళ్లు 1788 జూన్‌లో తూలోన్ రేవులో దిగారు. ఆగస్టులో వెర్సాయ్ మహల్‌లో 16వ లూయీ రాజును కలిశారు. పారిస్ జనం వాళ్లను చూడ్డానికి ఎగబడ్డారు.

అడిగింది సైన్యం ఒక్కటే కాదు. తుపాకులు, ఫిరంగులు చేసేవాళ్లు, గడియారాల పనివాళ్లు, పింగాణీ, గాజు చేసేవాళ్లు, నేతగాళ్లు, వైద్యులు కావాలని అడిగారు. సైన్యం సంగతి తేలలేదు. అప్పటికే ఫ్రాన్స్ ఖజానా ఖాళీ. కొందరు పనివాళ్లు మాత్రం దూతలతో కలిసి వచ్చారు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో విప్లవం మొదలై రాజు పరిస్థితే తలకిందులైంది. టిప్పుకు బయటి దారి మూసుకుపోయింది. ఉన్న కార్‌ఖానాలే దిక్కయ్యాయి.

సగం రాజ్యం పోయాక

టిప్పు పాలనలో అన్నీ మెచ్చుకునే సంగతులే ఉన్నాయని చెప్పలేం. కొడగు, మలబారు దండయాత్రల్లో జనం చాలా కష్టాలు పడ్డారు, వేల మందిని ఊళ్లు విడిపించి తరలించారు. ఇప్పటికీ అక్కడి జ్ఞాపకాలు వేరు. 1786లో ఆయన సైన్యం ఆదోని కోటను పట్టుకుంది. ఇలా చుట్టూ ఉన్న నిజాం, మరాఠాలతో కూడా వైరం పెరిగింది. 1790లో మొదలైన యుద్ధంలో వాళ్లిద్దరూ ఇంగ్లీషు వాళ్లతో కలిశారు.

1792లో శ్రీరంగపట్నం సంధి జరిగింది. సగం రాజ్యం పోయింది. కడప, గండికోట నిజాం కిందికి వెళ్లాయి. 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టాలన్నారు. అది కట్టేదాకా ఇద్దరు చిన్న కొడుకులు అబ్దుల్ ఖాలిక్, ముయిజుద్దీన్‌లను మద్రాసులో జామీనుగా ఉంచుకున్నారు. డబ్బు కట్టాక 1794లో పిల్లలు ఇల్లు చేరారు.

సరిగ్గా ఈ కాలంలోనే, 1793-94 నాటి మౌలూదీ ఏడాదితో, శ్రీరంగపట్నంలో ఒక వేట తుపాకీ తయారైంది. చేసినవాడు అసద్ ఖాన్ ముహమ్మద్. ఒకే గొట్టంలో ఒకదాని ముందు ఒకటిగా రెండు దట్టింపులు, రెండు దెబ్బలు. ముందున్నది పేలినప్పుడు వెనకది అంటుకోకుండా చూడటం ప్రాణాలతో చెలగాటమే. ఖజానా ఖాళీ అయిన సంవత్సరాల్లో, పిల్లలు పరాయి చేతిలో ఉన్న రోజుల్లో కూడా ఆ కార్‌ఖానాలో పని ఆగలేదు, పనితనం తగ్గలేదు. దాని మీద కారీగర్ పేరు ఉండటం ఇంకా గొప్ప విషయం. రాజుల వస్తువుల మీద పనివాడి పేరు మిగలడం అరుదు. కుందా చెక్కినవాళ్లలో ఎక్కువ మందికి ఆ మాత్రం గుర్తింపు కూడా దక్కలేదు.

మే 4

1799లో కంపెనీ సైన్యం మళ్లీ వచ్చింది. నిజాం దళాలు మీర్ ఆలం నాయకత్వంలో దానితో కలిసి నడిచాయి. ఏప్రిల్ నెలంతా ముట్టడి సాగింది. కోట వాయవ్య మూల గోడకు గండి పడింది.

మే 4 మధ్యాహ్నం టిప్పు భోజనానికి కూర్చున్నారు. నమ్మకమైన సేనాని సయ్యద్ గఫార్ ఫిరంగి గుండుకు బలయ్యారని కబురొచ్చింది. అన్నం వదిలి లేచారు. దాడి మొదలైంది. గండి వైపు గోడ మీదికి నడిచి వెళ్లి, అడ్డుగోడల చాటు నుంచి కాల్చడం మొదలుపెట్టారు. చెకుముకి తుపాకీని బాగా తర్ఫీదు పొందిన సిపాయి కూడా నిమిషానికి మూడుసార్లకు మించి కాల్చలేడు. అందుకే వెనక సేవకులు మందు, గుండు కూరి ఒక్కొక్క తుపాకీ అందిస్తూ వచ్చారు. ఆయన కాల్చి ఖాళీది వెనక్కిచ్చి నిండుది అందుకున్నారు. ఎదురుగా వచ్చిన వాళ్లలో కొందరు ఆయన గురికి పడిపోయారు.

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. గాయాలతో వెనక్కి జరిగి, ఉత్తరపు నీటి ద్వారం దగ్గర జనం తొక్కిడిలో, శవాల మధ్య ఆయన పడిపోయారు. కుడి చెవికి కాస్త పైన తగిలిన గుండు ప్రాణం తీసింది. రాత్రి దీపాల వెలుగులో వెతికి గుర్తుపట్టారు. మర్నాడు లాల్‌బాగ్ గుంబజ్‌లో తల్లిదండ్రుల పక్కన ఖననం చేశారు.

లెక్క తేలింది

కోట పట్టుకున్నాక ఆయుధాలు లెక్కపెట్టారు. ఫిరంగులు 929. తుపాకులు దాదాపు 99 వేలు. చిన్న ఆయుధాలు తయారుచేసి మెరుగుపెట్టే కార్‌ఖానాలు 11. ఒక్క పట్నంలో, సగం రాజ్యం పోగొట్టుకున్న ఏడేళ్లకు, ఈ లెక్క. ఆ తర్వాత ఆ రాజ కార్‌ఖానాల కథ ముగిసింది. గుత్తి, గుర్రంకొండ నిజాంకి, 1800లో ఆయన చేతి నుంచి కంపెనీకి వెళ్లి దత్తమండలంలో కలిశాయి. టిప్పు కుటుంబాన్ని వెల్లూరు కోటకు, 1806 తిరుగుబాటు తర్వాత కలకత్తాకు తరలించారు.

సుల్తాన్ సొంత తుపాకులు లూటీలో, బహుమతుల్లో సముద్రం దాటాయి. కొన్ని ఇంగ్లండ్ రాజుగారి సంగ్రహంలోకి, కొన్ని సైనికాధికారుల ఇళ్లలోకి వెళ్లాయి. అసద్ ఖాన్ ముహమ్మద్ చేసిన రెండు దెబ్బల తుపాకీ 2015 ఏప్రిల్‌లో లండన్ వేలంలో 7 లక్షల పౌండ్లకు పైగా పలికింది. 2019లో ఇంగ్లండ్‌లో ఒక ఇంటి అటక మీద దొరికిన మరో తుపాకీని కూడా వేలం వేశారు.

వేలంలో పాడేవాళ్లు వెండి నగిషీకి, పులి తలకు, రాజు పేరుకు డబ్బు ఇస్తారు. ఆ తుపాకీని ఎవరైనా భుజానికి ఎత్తితే తెలిసేది మాత్రం వేరే. వాలు, పొడవు, పట్టు అన్నీ 1799లో గుంబజ్ చేరిన ఒక మనిషి కోసం వేసిన కొలతలు. ఆ మనిషి పటాలు ఒక్కో చిత్రకారుడికి ఒక్కోలా వచ్చాయి. ఆయన చరిత్ర రాసేవాడిని బట్టి మారుతూ వచ్చింది. శ్రీరంగపట్నం వడ్రంగులు ఆయన్ని కళ్లారా చూసి, చేత్తో కొలిచి చెక్కిన కొయ్య మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.